టార్పాలిన్ అత్త కాపురం

“సరే, పోనీ చెల్లెలని చెప్పేద్దాం. నిన్న వదినంటే కుదరదన్నావు. చెల్లెలికేం తక్కువ?”

“నా మొహం, నీ మొహం పక్కపక్కన చూశాక కూడానా? నీది చిలకముక్కు, నాది బంగాళాదుంప. ఇద్దరం ఒక్క తల్లికే పుట్టామంటే ఆ తల్లి మీద అనుమానం వస్తుంది.”

“అయితే పిన్ని కూతుర్ని.”

“మా అమ్మకి చెల్లెళ్లే లేరు.”

“ఆ సంగతి వాడికెలా తెలుస్తుంది?”

“నాకు తెలుసు కదే!”

ఆ వారమంతా ఆ ఇంట్లో ఇదే గోల. పొద్దున టీ గ్లాసుల దగ్గర ఆగిన మాటని సాయంత్రం చెప్పులు విప్పుతూ మళ్లీ అక్కడి నుంచే అందుకునేవారు. బంగాళాదుంప ముక్కావిడ లారీలకు టార్పాలిన్లు కుడుతుంది. పిల్లలందరికీ టార్పాలిన్ అత్త. చిలకముక్కావిడ వీధి చివర ఆసుపత్రిలో నర్సు. ఇంజెక్షన్లు చేసేది ఆవిడే కాబట్టి సూదమ్మ. ఒకే ఇంట్లో రెండు సూదులు, ఒకటి లారీలకి, ఒకటి మనుషులకి. లారీలే నయం, పొడిస్తే ఏడవవు అనేది అత్త.

ఇద్దరూ ఒక ఇంట్లో ఉండబట్టి చాలా ఏళ్లయింది. అద్దె కలిసొస్తుందని చేరినవాళ్లేమీ కారు. వాళ్లది కాపురం. ఒకే పొయ్యి, ఒకే మంచం, ఒకరి మాత్రలు ఇంకొకరు గుర్తుపెట్టుకోవడం, ఒకరి గురక మీద ఇంకొకరి ఫిర్యాదు. వీధికి ఇదంతా తెలుసు. తెలుసని ఎవరూ అనలేదు, అనాల్సిన పనీ పడలేదు. అత్తకి జ్వరమొస్తే బేకరీ బాబాయ్ బ్రెడ్డు తెచ్చి సూదమ్మ చేతికిచ్చేవాడు. సూదమ్మకి డ్యూటీలో ఆలస్యమైతే సెలూన్ తమ్ముడు అత్త దగ్గరికే వచ్చి కబురు చెప్పేవాడు. ఇంతకంటే పెద్ద గుర్తింపు ఏ ఆఫీసు ఇవ్వగలదు చెప్పండి?

మరి ఇప్పుడీ చుట్టరికాల వేట దేనికి? అంతా పై వాళ్ల పుణ్యం.

పై వాళ్లంటే బాలదళం ప్రధాన కార్యాలయం. పిల్లలకి తాళ్లతో ముళ్లు వేయడం, డేరా వేయడం, ఈత కొట్టడం, దెబ్బకి కట్టు కట్టడం నేర్పే సంస్థ. ఊరూరా దళాలున్నాయి. నేర్పేవాళ్లు ఊళ్లో వాళ్లు, పైసా తీసుకోరు. పై వాళ్లకి మాత్రం మేడ ఉంది, కార్లున్నాయి, సభలున్నాయి. ఏడాదికోసారి జెండా కింద నిలబడి ఫొటో దిగడం తప్ప వాళ్లలో ఒక్కరైనా డేరా తాడు ముట్టుకున్న పాపాన పోలేదు. చేతికి పని లేకపోతే బుర్రకి దురద పుడుతుంది. ఆ దురదలోంచి ఒక కొత్త నియమం పుట్టింది. “దళం నడుపువారు వివాహబంధమునందు గానీ రక్తసంబంధీకుల నడుమ గానీ నివసించుచు, ఆదర్శప్రాయమైన గృహవాతావరణము కలిగియుండవలెను.”

ఎంత ముద్దుగా రాసుకున్నారో! ఆడా ఆడా, మగా మగా కాపురం చేసుకునేవాళ్లని పిల్లల దగ్గరికి రానివ్వకండిరా అన్నది అసలు సంగతి. ఆ మాట అనడానికి వాళ్లకి సిగ్గు. చేయడానికి మాత్రం సిగ్గు లేదు. పెళ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడికి వివాహబంధం ఉంది, నిక్షేపంగా దళం నడుపుకోవచ్చు. అన్నదమ్ములు గోడ పెట్టుకుని మాట్లాడుకోకపోయినా రక్తసంబంధం ఉంది, ఢోకా లేదు.

ఊళ్లో దళం నడిపేది టార్పాలిన్ అత్త. ఆవిడేమీ కోరి ఎక్కిన పీఠం కాదది. ఎప్పుడో, ఆవిడ నడుము ఇంకా సన్నగా ఉన్న రోజుల్లో, దళం డేరాలు చిరుగులు కుట్టమని ఆవిడ షెడ్డుకొచ్చాయి. కుట్టి పంపింది. పక్షం తిరక్కుండా అవే డేరాలు అవే చోట్ల చిరిగి మళ్లీ వచ్చాయి. తన కుట్టు మీద తనకే అనుమానం వచ్చి, వీళ్లు వీటితో ఏం చేస్తున్నారో చూద్దామని మైదానానికి వెళ్లింది. అప్పుడు దళం నడిపేది ఒక బ్యాంకు గుమాస్తా. మంచివాడే, కానీ తాడు పట్టుకుంటే తాడే ఆయన్ని పట్టుకునేది.

“అయ్యా, మీరు డేరా వేస్తున్నారా, ఉరేసుకుంటున్నారా?” అంది అత్త.

పిల్లలు పకపకా నవ్వారు. గుమాస్తా కూడా నవ్వి, తాడు ఆవిడ చేతిలో పెట్టాడు. కొన్నాళ్లకి ఆయనకి బదిలీ అయింది. తాడు అత్త చేతిలోనే ఉండిపోయింది.

ఆవిడ పద్ధతులన్నీ షెడ్డు పద్ధతులే. వాళ్ల నాన్న టార్పాలిన్ కుట్టాక లారీ ఓనరుకి ఇచ్చేముందు దాన్ని రెండు డ్రమ్ముల మధ్య పరిచి, తను కింద కూర్చుని, కూతురి చేత పైనుంచి బిందెలతో నీళ్లు పోయించేవాడట. చుక్క కారితే విప్పి మళ్లీ కుట్టేవాడు. అత్త దళంలోనూ అదే పెట్టింది. డేరాకి అతుకు ఎవరు వేశారో, డేరా ఎవరు తెచ్చారో, వాళ్లు లోపల కూర్చోవాలి. మిగతావాళ్లు బకెట్లతో నీళ్లు పోస్తారు. పొడిగా బయటికొస్తే చప్పట్లు. తడిసొస్తే మళ్లీ కుట్టు. తిట్లు మాత్రం ఉండవు. “తడిసినవాణ్ణి మళ్లీ తిట్టడం దేనికి, తడిశాడుగా” అనేది. మా వీధి పిల్లలకి శనివారం సాయంత్రం నీళ్ల పరీక్ష అంటే ప్రాణం.

శనివారాలు ఒక ఎత్తు, ఎండాకాలం సరస్సు శిబిరం ఒక ఎత్తు. సరస్సు ఒడ్డున స్థలం సంస్థది. లారీల అడ్డా పిల్లలు ఏడాదంతా పొగ, హారన్లు, గ్రీజు తప్ప ఇంకోటి ఎరగరు. ఆ వారం రోజులే వాళ్లకి నీళ్లు, చెట్లు, చుక్కలు. అత్తని దళం నుంచి తీసేస్తే నడిపేవాళ్లు ఇంకొకరు లేరు. దళం లేకపోతే సరస్సు లేదు. అందుకే, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ తల వంచని మనిషి, ఆ వారం కూర్చుని తన ఇంటి మనిషికి ఒక చుట్టరికం వెతుకుతోంది.

ఈ సలహా ఇచ్చింది తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు, లెక్కల మాస్టారు. పై నుంచి పరిశీలకుడు వస్తున్నాడని తెలియగానే షెడ్డుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, గొడుగు కర్రతో నేల మీద సున్నాలు గీశాడు.

“అమ్మా, చిన్న మాట. ఆయన అడిగితే... ఆవిడ మీకు బంధువని చెప్పండి. అంతే.”

“ఏ బంధువు మాస్టారూ?”

“మీ ఇష్టం. మన భాషలో బోలెడన్ని ఉన్నాయి కదా.”

“అబద్ధమాడమంటారు.”

“అబ్బెబ్బే, అబద్ధమెందుకు? సర్దుబాటు.”

అత్త టార్పాలిన్‌లోంచి సూది లాగి ఆయన్ని ఎగాదిగా చూసింది. “లెక్క తప్పితే పిల్లల చెవి మెలేస్తారు. దీనికి మాత్రం సర్దుబాటా?” అంది. కానీ ఆయన వెళ్లాక చాలాసేపు కుట్టలేకపోయింది. ఆవిడకి సరస్సు కావాలి. తనకోసం అయితే పై వాళ్ల మొహాన తాడు విసిరి కొట్టేది.

చివరికి మేనమామ కూతురు ఖాయమైంది. అత్తకి నిజంగానే ఒక మేనమామ ఉండేవాడు. రక్తసంబంధం. ఎవరి ముక్కు ఎవరికి రాలేదని అడిగేవాడు ఉండడు. సూదమ్మ అద్దం ముందు నిలబడి “మేనమామ కూతుర్నండీ” అని రెండుసార్లు అనుకుని కిసుక్కున నవ్వింది. అత్తకి నవ్వు రాలేదు.

ఇక్కడే మా వీధివాళ్లు మాత్రమే చేయగల తప్పు ఒకటి జరిగింది. ఖాయమైన చుట్టరికం ఏమిటో వీధికి ఎవరూ చెప్పలేదు. వీధేమో కాపాడాలని కంకణం కట్టుకుని కూర్చుంది. ఎవరికి తోచిన చుట్టరికం వాళ్లు సిద్ధం చేసుకున్నారు.

పరిశీలకుడు శనివారం మధ్యాహ్నం దిగాడు. మెడలో సంస్థ రుమాలు, మడత నలగని చొక్కా, గీత చెదరని ప్యాంటు. వీధి మలుపులోనే పిల్లలు ఆయనకి ఇస్త్రీ సారని పేరు పెట్టేశారు. ఆయన నేరుగా షెడ్డుకి రాకుండా ముందు సెలూన్‌లోకి వెళ్లాడు. ‘విచారణ’ అన్నమాట.

“ఆ నర్సు గారు ఈవిడకి ఏమవుతారు?”

“వదినగారండీ,” అన్నాడు సెలూన్ తమ్ముడు కత్తెర ఆపకుండా.

బేకరీకి వెళ్లాడు. “పిన్ని కూతురు సార్,” అన్నాడు బేకరీ బాబాయ్. ఒక్క క్షణం ఆలోచించాడు. “కాదు, పెద్దమ్మ కూతురు. వాళ్ల తల్లుల్లో ఎవరు పెద్దో నాకెప్పుడూ గుర్తుండి చావదు.”

అడ్డాలో లారీ కింద పడుకుని నట్టు బిగిస్తున్న డ్రైవరన్న తల మాత్రం బయటపెట్టాడు. “తోడికోడళ్లండీ.”

“తోడికోడళ్లా? మరి వాళ్ల భర్తలు?”

డ్రైవరన్న ఇంత దూరం ఆలోచించలేదు. “పోయారండీ పాపం. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి,” అని తల మళ్లీ లారీ కిందికి లాక్కున్నాడు.

టీకొట్టు పెద్దమ్మ అయితే అత్తాకోడళ్లని బల్లగుద్ది చెప్పింది. అత్త ఎవరమ్మా అంటే, “ఊరంతా అత్తా అని పిలిచేదాన్ని చూపించి ఎవరని అడుగుతావేం నాయనా?” అని కసిరింది కూడా.

అలా వదిన, పిన్ని కూతురు, పెద్దమ్మ కూతురు, తోడికోడలు, కోడలు అన్నీ మోసుకుంటూ ఇస్త్రీ సారు షెడ్డుకి వచ్చాడు. కోపంగా లేడు. అసలు ఆశ్చర్యమే ఆయన మొహంలో లేదు. కుర్చీ దులిపి కూర్చుని, గొంతు తగ్గించాడు.

“మేడమ్, వీధిలో చాలా విన్నాను. నాకు నిజం అక్కర్లేదు. ఒక్క చుట్టరికం చెప్పండి. ఏదైనా ఒక్కటి. పైన అదే చెప్తాను.”

చూశారా సంస్థ సంస్కారం! పిల్లల చేత ‘నిజమే పలుకుతాను’ అని ప్రమాణం చేయించేవాళ్లే, పెద్దవాళ్ల దగ్గరికొచ్చి ఒక అబద్ధం ఇప్పించండి బాబూ అని చెయ్యి చాస్తారు.

 అత్త వెనక నిలబడ్డ సూదమ్మే ముందుకొచ్చింది. “మేనమామ కూతుర్నండీ.”

“అవునా మేడమ్?”

అత్త తల ఊపింది. ఊపిందంటే ఊపింది, మెడలో బండరాయి కట్టినట్టు. ఇస్త్రీ సారు మొహం వెలిగిపోయింది. “శుభం! ఇక మీ దళానికి ఇబ్బంది లేదు. సరస్సు కూడా మీదే.”

అయిపోయింది. ఇంక ఆయన టీ తాగి వెళ్లిపోతే ఈ కథ ఇక్కడితో ముగిసేది, అత్త కూడా జన్మంతా ఆ తల ఊపుడు మోసేది. కానీ సంతోషం ఎక్కువై ఆయన కారులోంచి ఒక మూట దింపించాడు. కొత్త డేరా. పై వాళ్లే కొని అన్ని దళాలకీ పంచుతున్నారట. మీద పెద్ద ముద్ర, రెండు వైపులా సంస్థ నినాదం.

నీళ్ల పరీక్షకి అప్పటికే చేరిన పిల్లలు షెడ్డు ముందే దాన్ని క్షణాల్లో వేసేశారు. వేసి, సారు చుట్టూ మూగారు.

“సార్, ఇది ఎవరు తెచ్చారు?”

“ఎవరేమిటర్రా? మన సంస్థ. నేనే తెచ్చాను.”

“అయితే మీరు లోపల కూర్చోవాలి సార్!”

సారుకి అదేదో సన్మానమనిపించింది. అత్త “వద్దర్రా” అనేలోపే నవ్వుతూ వంగి లోపలికి వెళ్లి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడే వచ్చిన లెక్కల మాస్టారు గొడుగు పైకెత్తి ఏదో సైగ చేశాడు కానీ పిల్లలు అప్పటికే డ్రమ్ముల మీద ఉన్నారు. బకెట్లు నిండాయి. పోశారు. పద్ధతి పద్ధతే కదా, ఎవరొచ్చారని తగ్గిస్తారా?

ముద్ర ఎంత బాగా వేశారో కుట్టు అంత అధ్వాన్నంగా వేశారు. ఏ కుట్టూ ఆగలేదు. ముద్ర మధ్యలోంచే ధారగా దిగింది. సారు బయటికొచ్చేసరికి జుట్టు నుదుటికి అంటుకుని, చొక్కా ఒంటికి అంటుకుని, ప్యాంటు గీతలు నీళ్లలో కొట్టుకుపోయాయి. పిల్లలు పద్ధతి ప్రకారం అరిచారు. “మళ్లీ కుట్టు! మళ్లీ కుట్టు!”

ఆయన వణుకుతున్నాడు. దగ్గర్లో ఇల్లేదీ అంటే షెడ్డు మీద గదులే. ఇంకేం చేస్తారు, అత్త ఇంటికే తీసుకెళ్లారు. వీధంతా అడ్డుపడి కాపాడిన ఆ గుమ్మం, రెండు బకెట్ల నీళ్లకి తెరుచుకుంది.

అత్త బట్టలు ఆయనకి డేరా అంత ఉన్నాయి. సూదమ్మ బట్టల్లో పట్టింది ఒక్కటే, పువ్వుల నైటీ. అది తొడుక్కుని, మీద తువ్వాలు కప్పుకుని, మంచం అంచున కూర్చుని టీ తాగాడు ఇస్త్రీ సారు. టీ వేడికి ప్రాణం కుదుటపడ్డాక కళ్లు పనిచేయడం మొదలుపెట్టాయి. ముందు గది వంటిల్లు. ఇది పడకగది. మూడో గది లేదు. మంచం ఒకటి. దిండ్లు రెండు. ఒక దిండు పక్కన కళ్లజోడు, ఇంకో దిండు పక్కన నడుంనొప్పి మందు.

సారు గ్లాసు కింద పెట్టాడు. “మేడమ్... ఇక్కడ మంచం ఒకటే ఉంది.”

అత్త నోరు తెరిచేలోపే సూదమ్మ అందుకుంది. “నేను కింద షెడ్డులో పడుకుంటానండీ. గోనెసంచులు పరుచుకుని. నాకు అలవాటే.”

“ఓహో! షెడ్డులోనా. అలాగైతే ఫర్వాలేదు, మంచిదే,” అని తేలిగ్గా ఊపిరి వదిలాడు సారు. వదిలి, అత్త వైపు తిరిగాడు. “అవునా మేడమ్? ఆవిడ సంచుల మీదే పడుకుంటారా?”

ఇంకొక్కసారి తల ఊపితే చాలు. కిటికీ కింద పిల్లలు డేరాలోంచి నీళ్లు పిండుతూ సరస్సు గురించే మాట్లాడుకుంటున్నారు, ఎవరు ఎవరి పక్కన పడుకోవాలని. అత్తకి అంతా వినిపిస్తోంది. ఎదురుగా సూదమ్మ నిలబడి ఉంది. రోజంతా ఆసుపత్రిలో నిలబడి నిలబడి సాయంత్రానికి నడుం పట్టేసి, మెట్లు ఎక్కుతూ గోడ పట్టుకునే మనిషి. ఆ నడుముకి మందు రాసేది ఈ చేతులే. అలాంటి మనిషి, నేను గ్రీజు నేల మీద సంచులు పరుచుకుని పడుకుంటానండీ అని నవ్వుతూ చెబుతుంటే, నైటీ వేసుకున్న ఈ మహానుభావుడు మంచిదే అంటున్నాడు. వదినన్నా, చెల్లెలన్నా, మేనమామ కూతురన్నా అవి ఉత్త మాటలు. దులుపుకుంటే పోతాయి. ఇది మాత్రం అత్త గొంతు దిగలేదు.

“లేదు,” అంది.

“ఏమిటి లేదు?”

“సంచుల మీద పడుకునే ఖర్మ ఆవిడకేం పట్టలేదు. మీరు కూర్చున్నారే, అది ఆవిడ పడుకునే వైపు. ఇటు వైపు నాది.”

సారు స్ప్రింగులా లేచాడు. నైటీ కాళ్లకి అడ్డుపడి మళ్లీ కూలబడ్డాడు, ఈసారి అత్త వైపు.

“ఆవిడ నా మేనమామ కూతురు కాదు. వదినా కాదు, తోడికోడలూ కాదు. మాది కాపురం సార్. ఆవిడతో ఎవరు ఏమన్నా నాతో అన్నట్టే.”

“ఏమే, నోరు మూసుకో!” అంది సూదమ్మ, మొహం పాలిపోయి.

“మూసుకునే ఉన్నాను. వారం నుంచీ.”

సారు చేతులు పిసుక్కున్నాడు. పాపం, ఆయన దుర్మార్గుడేమీ కాడు. పై వాళ్లకి దుర్మార్గులు అక్కర్లేదు, ఇలాంటి మెత్తటివాళ్లు చాలు. “మేడమ్, మీరా మాట అనకుండా ఉండాల్సింది. అంటే వినక తప్పదు. విన్నాక చెప్పక తప్పదు. ఆదర్శప్రాయమైన గృహవాతావరణం అని...”

“ఆ పువ్వుల నైటీ వేసుకుని ఆ మాట ఇంకోసారి అనండి సార్,” అంది అత్త. “పిల్లల్ని పిలుస్తాను, వాళ్లూ వింటారు.”

సారు తడి బట్టలే మళ్లీ తొడుక్కుని, చెప్పుల్లో నీళ్లు చప్పుడవుతుండగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో అన్నాలు లేవు. ఉన్నది తగువే.

“పిల్లల నోటి దగ్గర సరస్సు లాగేశావు. నేనడిగానా నిన్ను నిజం చెప్పమని? సంచుల మీద పడుకున్నానంటే నా ఒంటికి గుచ్చుకుంటాయా ఏమిటి?”

“నాకు గుచ్చుకున్నాయి.”

“అబ్బో! గుచ్చుకుంటాయి మహాతల్లికి!”

“వాడు అది నమ్మి వెళ్తే ఇక నాకు నిద్ర పట్టేది కాదే.”

“నీకా? చెవి పక్కన లారీ హారన్ కొట్టినా లేవవు,” అంది సూదమ్మ. అని, కళ్లు తుడుచుకుని, నడుంనొప్పి మందు తెచ్చి అత్త చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. తిట్టుకుంటూ తిట్టుకుంటూనే, వీపు మాత్రం ఇటే ఇచ్చింది.

పై వాళ్లు ఆలస్యం చేయలేదు. డేరాలు కుట్టించడానికి లేని తొందర దీనికి వచ్చింది. అత్తని దళం నుంచి తొలగించామని ఫోనులో చెప్పారు. రుమాలు, ఈల, హాలు తాళంచెవులు లెక్కల మాస్టారికి అప్పగించమన్నారు. దళం నాయకత్వం కూడా ఆయనకే ఇచ్చారు. ఆయనకి భార్య ఉంది, వివాహబంధం ఉంది. ఈత రాదు. బకెట్టు నీళ్లు చూసినా వెనకడుగు వేస్తాడు. అదేమీ నియమంలో లేదు కదా.

“మీరు ఒక్క మాట దాచుకుని ఉంటే...” అన్నాడు ఆయన రుమాలు మడతపెట్టుకుంటూ.

“మీరు ఒక్క మాట అని ఉంటే మాస్టారూ,” అంది అత్త. “అధ్యక్షులు కదా. ఆవిడ ఎవరో మీకు తెలీదూ? మీ పిల్లకి ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించింది ఎవరింటికొచ్చి?”

మాస్టారు గొడుగు కర్రతో మళ్లీ సున్నాలు గీసుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం అత్త షెడ్డులో కూర్చుని, వీపు గేటు వైపు పెట్టి, ఒక లారీ టార్పాలిన్ ముందేసుకుంది. ఈ రోజు ఏ వారమో తనకి గుర్తే లేనట్టు. కానీ చెయ్యి మాత్రం మాటిమాటికీ మెడ దగ్గరికి వెళ్తోంది, రుమాలు సర్దుకోవడానికి. అక్కడ చెమట తప్ప ఏమీ లేదు. సూదమ్మ మెట్ల మీద నుంచి అది చూసి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

మైదానం పక్క హాల్లో లెక్కల మాస్టారు కుర్చీలన్నీ వరసగా వేయించి, రుమాలు కట్టుకుని, ఈల మెడలో వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. చివరికి సొంత కూతురు కూడా మధ్యలో లేచి, “నాన్నా, అత్త దగ్గరికి వెళ్లొస్తా” అని పోయింది.

పిల్లలంతా షెడ్డు గేటు దగ్గర ఉన్నారు. వాళ్ల వెనకాల, ఎప్పుడూ లేనిది, పెద్దవాళ్లు. బేకరీ బాబాయ్ పిండి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

“అక్కా, ఆ రోజు పిన్ని కూతురని నోరు జారాను.”

“నేను ఇద్దరు మొగుళ్లని చంపేశాను,” అన్నాడు డ్రైవరన్న నేల చూపులు చూస్తూ.

“మంచిపనే చేశావు, వాళ్లకి ఎటూ వంట చేయలేకపోయేదాన్ని,” అంది అత్త సూది ఆపకుండా.  “ఇప్పుడేం కావాలి మీకు? నాకు తాళాల్లేవు, ఈల లేదు, సరస్సు లేదు.”

“ముళ్లు వేయడం వచ్చుగా,” అంది టీకొట్టు పెద్దమ్మ. “పిల్లల్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోమంటావు? నెత్తినెక్కి తొక్కుతున్నారు.”

అంతే, శనివారాలు షెడ్డుకి మారాయి. ఈల లేకపోతే ఏం, డ్రైవరన్న హారన్ కొడతాడు. సరస్సు మాత్రం షెడ్డుకి రాదు. ఆ స్థలం పై వాళ్లది. లెక్కల మాస్టారి వెంట తీసుకెళ్లండి అన్నారు. ఈత రాని మనిషి వెంట నీళ్ల దగ్గరికి పిల్లల్ని ఏ తల్లి పంపుతుంది? మాస్టారు కూడా, బాబోయ్ నా వల్ల కాదని పై వాళ్లకి మొరపెట్టుకున్నాడట. ఆయన జీవితంలో పైకి చెప్పిన మొదటి నిజం అదే. శిబిరానికి ఇంకా నెల ఉంది. అత్తని తీసుకుంటారో, నియమాన్ని పట్టుకుని వేలాడతారో పై వాళ్లే తేల్చుకోవాలి. తేల్చుకోవడం వాళ్లకి అలవాటు లేదు, కాబట్టి వీధి సాయం చేస్తోంది.

మొదలుపెట్టింది సెలూన్ తమ్ముడు. ప్రధాన కార్యాలయంలో సందేహాలు తీర్చడానికి ఒక ఫోన్ నంబరు పెట్టారు. దానికి ఫోన్ చేసి వినయంగా అడిగాడు. “అయ్యా, మా ఇంట్లో మా ఆవిడ అన్నగారి వియ్యంకుడు ఉంటున్నాడు. రక్తసంబంధం లేదు, నాతో పెళ్లీ కాలేదు. మా గృహవాతావరణం ఎలా ఉందంటారు?” అవతలి వాళ్లు కనుక్కుని చెప్తామన్నారు. మర్నాడు బేకరీ బాబాయ్, బట్టీ దగ్గర పడుకునే ఇద్దరు పనివాళ్ల సంగతి అడిగాడు. డ్రైవరన్న క్లీనరుతో కలిసి క్యాబిన్లోనే పడుకుంటాను, పిల్లలకి హారన్ కొట్టొచ్చా అని అడిగాడు. టీకొట్టు పెద్దమ్మ అయితే వేరు కాపురం పెట్టిన తన కోడలు ఇంకా రక్తసంబంధం కిందికి వస్తుందా అని నిలదీసి, పనిలో పనిగా కోడలి మీద నాలుగు చాడీలు కూడా చెప్పింది. ప్రతిదానికీ వాళ్లు కనుక్కుని చెప్తామనే అంటున్నారు. పాపం, ఒక్క నియమం రాశారు, చుట్టరికాలు ఇన్ని ఉంటాయని వాళ్లనుకోలేదు.

అత్తకి ఇదంతా తెలుసు. తెలియనట్టే ఉంటుంది. సూదమ్మ మాత్రం ఆసుపత్రిలో సూది గుచ్చేముందు, ఫోన్ చేశారా అని పెద్దవాళ్లని అడుగుతోందని వినికిడి. చేయలేదంటే కాస్త గట్టిగా గుచ్చుతుందని కూడా.

రేపు పొద్దున నా వంతు. ఇన్నాళ్లు బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అడగడం ఎలాగో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. నాతో ఉండేది ఒక పిల్లి. దానికీ నాకూ రక్తసంబంధం లేదు, వివాహమూ కాలేదు. మంచం మాత్రం ఒకటే. టార్పాలిన్ అత్త దళంలో పిల్లలకి పాటలు నేర్పడానికి నాకు అర్హత ఉందా లేదా, సరస్సుకి అత్త వెంట నన్నూ పిల్లినీ పంపుతారా లేదా, ఇవాళే తేల్చి చెప్పండి అని అడుగుతాను. కనుక్కుని చెప్తామంటే సరే, కనుక్కోండి, నేను లైన్లోనే ఉంటాను అంటాను. నాకేం, రిటైరైనదాన్ని, బోలెడు తీరిక.